పోలమ్మ గేదె, కోట గంట

ఉత్తరాన కొండల నడుమ ఓ రాజ్యం. దీపాల చమురు మిగులుతుందని అక్కడి రాజు వేసవిలో కోట గంటలన్నీ రెండు గడియలు ముందే కొట్టించేవాడు, చలికాలంలో మళ్లీ వెనక్కి జరిపించేవాడు. ముందుకు జరిపినప్పుడల్లా జనం నిద్ర చాలక నీరసపడేవారు.

ఆ వేసవిలో కోటకు పాలు పోసే పోలమ్మ ఆలస్యంగా వచ్చింది.

"సాయంత్రం గంట కొట్టేదాకా ఎండలో నిలబడు" అన్నాడు రాజు.

అసలే కాళ్లు లాగుతున్న పోలమ్మ, "ఆ గంటేదో ఇప్పుడే కొట్టించండి ప్రభూ, ఇంటికెళ్లి పడుకుంటాను" అంది.

"గంట కొడితే సాయంత్రమైపోతుందా?" రాజు మండిపడ్డాడు.

"గంట కొడితే తెల్లారిపోతుందా అని నా గేదె కూడా అనుకుంటోంది ప్రభూ. దాని వేళకే పాలు చేపుతోంది."

రాజుకు ఆవులింత ఆగలేదు. ఆయనకీ నిద్ర చాలడంలేదు.

"గంటలు పాత వేళకే కొట్టండి" అన్నాడు నీరసంగా. "ఈమెను ఇంటికి పంపండి."