సన్నాసయ్య నిద్ర

వాగులకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, కొండ కింద ఒక వాగు, వాగు మీద ఒక నీటిమర, మర పక్కన ఒక చిన్న కొట్టు ఉండేవి. మర తిప్పేవాడు సన్నాసయ్య. కొట్టులో ఉప్పు, బెల్లం, చింతపండు అమ్మేది అతని పెళ్లాం పైడమ్మ.

నీళ్లు పడితే చక్రం తిరిగేది. చక్రం తిరిగితే రాయి తిరిగేది. చోళ్లు, అదే రాగులు, గర్రుగర్రుమని పిండయ్యేవి. ఆ చప్పుడుకు ఊరివాళ్లు చెవులు మూసుకుంటే, సన్నాసయ్య కళ్లు మూసుకునేవాడు. బస్తాల మీద ఒరిగి గుర్రుపెట్టేవాడు. పిండి పట్టడం అయ్యాక పైడమ్మ కాలువకు అడ్డంగా పలక దించి నీళ్లు ఆపేది. మర ఆగిందా, సన్నాసయ్య లేచాడన్నమాటే!

ఒక ఏడు వానలు పడలేదు. వాగు ఎండింది. మర ఆగింది. సన్నాసయ్య లేచాడు. లేచినవాడు మళ్లీ పడుకోలేదు.

నిద్ర లేని మనిషికి పొద్దెలా గడుస్తుంది? ఇంటింటి అరుగూ ఎక్కి, తనకు కొండ మీద ఎలుగుబంటి ఎదురైన కథ చెప్పేవాడు. ఉన్నది ఆ ఒక్క కథే. విన్నవాళ్లకే మళ్లీ చెప్పేవాడు. సన్నాసయ్య వస్తున్నాడంటే, ఎలుగుబంటే వస్తున్నట్టు జనం తలుపులేసుకునేవారు.

రానురాను అతని కళ్లు గుంటలు పడ్డాయి. నడుస్తూ తూలేవాడు. ఈ మనిషి తనకు దక్కడని పైడమ్మకు దిగులు పట్టుకుంది. గసగసాలు నూరి పాలలో కలిపి ఇచ్చింది. నిద్ర పట్టలేదు. వైద్యుడొచ్చి నెత్తిన ఆముదం పెట్టాడు. నిద్ర పట్టలేదు. భూతవైద్యుడు వేపమండ ఊపుతూ మంత్రం చదివి చదివి, తనే గుర్రుపెట్టాడు. సన్నాసయ్య అతన్ని తట్టి లేపి ఎలుగుబంటి కథ చెప్పాడు.

మర్నాడు పైడమ్మ అంబలి కోసం తిరగలిలో చోళ్లు పోసింది. అరుగు మీద సన్నాసయ్య ఎవరికో చెబుతున్నాడు.

"అప్పుడా ఎలుగు నోరు తెరిసి..."

తిరగలి గర్రుమంది. మాట ఆగిపోయింది. పైడమ్మ తొంగిచూస్తే, మొగుడు గోడకు చేరబడి గుర్రుపెడుతున్నాడు. చెయ్యి ఆపింది.

"...నన్నే సూసిందిరా!" అంటూ లేచాడు.

"ఓలమ్మో! మందు నా సేతిలోనే ఉందే!" అంది పైడమ్మ. ఇక తిప్పింది, తిప్పింది, రెక్కలు పడిపోయేదాకా తిప్పింది.

పక్కింటామె చోళ్ల చేట పట్టుకుని వచ్చింది. "లెగొదినా, నాను తిప్పుతాను. ఆ కత ఇంకోపాలి ఇనేకన్నా ఇదే సుకం."

ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఊరంతా. వానలు పడి వాగు వచ్చేదాకా వంతులేసుకుని తిప్పారు.

ఏళ్లు గడిచాయి. ఒక సాయంత్రం పైడమ్మ పలక దించింది. మర ఆగింది. సన్నాసయ్య లేవలేదు. పిలిచారు, లేవలేదు. మొహాన నీళ్లు చల్లారు, లేవలేదు. చివరికి ఒకడు చెవిలో అడిగాడు. "బావా, ఎలుగు కత సెప్పవా?"

అయినా లేవలేదు. అప్పుడు అందరూ గొల్లుమన్నారు.

పైడమ్మ కళ్లు తుడుచుకుంది. "పలకెత్తండ్రా. మర తిరగనీండి. నిద్దట్లోనే ఎల్లనీండి."

ఇప్పటికీ ఆ ప్రాంతంలో బిడ్డ ఏడుపు మానకపోతే పక్కన తిరగలి తిప్పుతారు. మర చూడ్డానికి వెళ్లి, కొట్టులో బెల్లం ముక్క కొనుక్కుని నిలబడితే మీరూ వింటారు. "సన్నాసయ్యా, లెగకు, తొంగో!" అని కేకేసి గాని పలక దించరు. కేకెయ్యకుండా దించినవాడి ఇంటికి ఆయనే వస్తాడట. ఏమీ చెయ్యడట. అరుగెక్కి కూచుని గొంతు సవరించుకుంటాడట.