ఆకుపచ్చ గుడ్డ మీద కుడిపాదం

కొత్త కారు కొండెక్కి దర్గా ముందు ఆగిన క్షణం నుంచీ దస్తగిరికి దాని మీద అనుమానమే.

అనుమానమంటే అట్లాంటిట్లాంటిది కాదు. ఊరూ పేరూ తెలియని పెళ్ళికొడుకు చుట్టూ ఆడపిల్ల మేనమామ తిరిగినట్టు దాని చుట్టూ తిరిగాడు. టైరును కాలితో తన్ని చూశాడు. తలుపు తీస్తే సీటు దానంతటది వెనక్కి జరిగింది. ఎవరు జరపమన్నారని అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. లోపల ఎడమ కాలికి క్లచ్చి లేదు, ఎడమ చేతికి గేర్లు మార్చే పని లేదు. సగం మనిషిని ఇంట్లో వదిలేసి మిగతా సగం వచ్చి కూర్చోమన్నట్టుంది. పైగా స్టీరింగు వెనకాల శనగ్గింజంత నల్లటి కన్నొకటి. డ్రైవరు రోడ్డు చూస్తున్నాడా, కునుకు తీస్తున్నాడా అని అది కనిపెడుతూ ఉంటుందట.

ఆ మాట విన్న సాయంత్రమే దస్తగిరి ఆ కంటికి నల్ల టేపు అంటించాడు. కారు వెంటనే టింగుమంది.

చాడీలు చెప్పడం కూడా వచ్చన్నమాట దీనికి, అనుకున్నాడు.

ఆ దర్గా రాయచోటి పక్క కొండ మీద ఉంది. అక్కడి గురువు బషీర్ షాను అందరూ బాబా అనే పిలుస్తారు. ప్రతి శుక్రవారం బాబా కొండ దిగి, ఊళ్ళో మసీదులో జుమ్మా నమాజు చేసుకుని, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు పోయి పలకరించి, పొద్దు గుంకే లోపల తిరిగొస్తారు. ఆయన్ను దించేదీ ఎక్కించేదీ దస్తగిరి, దర్గా పాత జీపులో. దస్తగిరి శిష్యరికమంతా ఆ స్టీరింగు వెనకాలే జరిగింది.

ఈ మధ్య బాబాకు నడుం పట్టేసింది. జీపు కుదుపులు ఇక పనికిరావని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. అది విని బెంగుళూరు శిష్యులు తలా కొంత వేసుకుని ఈ కారు పంపించారు.

దస్తగిరి దాన్ని ఒక్కసారి నడిపి చూశాడు. మలుపులో తెల్లగీతను తాకబోతుంటే స్టీరింగు అతని చేతుల్లోనే ఇటు లాక్కుంది. అక్కడే ఆపి, దిగి, నడుచుకుంటూ కొండెక్కి వచ్చేశాడు. కారును పైకి తెచ్చింది రెడ్డెమ్మ. దర్గాలో మందుల గది చూసుకునే ఆమె ఇట్లాంటి బండి మీదే డ్రైవింగు నేర్చుకుంది. ఇక శుక్రవారాలు రెడ్డెమ్మవేనని దర్గా అరుగు మీద మాట పుట్టింది. ఆ మాట దస్తగిరి చెవిన పడ్డాక అన్నం సయించలేదు. పోయేది జీపు సీటు కాదు మరి. బాబా పక్కన సీటు.

నిజం చెప్పాలంటే కొండ ఘాటు రోడ్డులో జీపు నడపడంలో దస్తగిరికి వంక పెట్టలేం. ఏ మలుపులో బండి రెండో గేరు అడుగుతుందో అది అడగకముందే చెయ్యి పోయేది. కానీ అతని గొప్ప అక్కడ లేదు. బాబా కళ్ళల్లో ఉంది. ఘాటు మొదలవగానే బాబా చేతిలో తస్బీ పూసలు తిప్పుకుంటూ కళ్ళు మూసుకునేవారు. మళ్ళీ తెరిచేది మసీదు ముందే. బాబా కళ్ళు మూసుకునేది తన బండిలోనేనని దస్తగిరి టీ కొట్టులో చెప్పాడు, పంచరు షాపులో చెప్పాడు, జ్వరమొచ్చి సూది వేయించుకుంటూ రెడ్డెమ్మకు కూడా చెప్పాడు.

దానికి తోడు గుడ్డ సంగతి ఒకటుంది.

బాబా పాదాలు ఉత్త రబ్బరు పట్టా మీద ఆనడం ఇష్టంలేక, దస్తగిరి ప్రతి శుక్రవారం ఎడమ సీటు ముందు కొత్త ఆకుపచ్చ గుడ్డ పరిచేవాడు. బాబా చెప్పులు విప్పి దాని మీద కాళ్ళు పెట్టుకునేవారు. తిరిగొచ్చాక తీసి చూస్తే దాని మీద నలిగి, చెమటతో నల్లబడి, అచ్చుగుద్దినట్టు ఒక పాదం గుర్తుండేది. ఎప్పుడూ కుడిపాదమే. భక్తులు ఆ గుడ్డల కోసం పోటీలు పడేవాళ్ళు. దస్తగిరి మంచిదొకటి ఏరుకుని ఇంట్లో అద్దం కట్టించి పెట్టుకున్నాడు.

కుడిపాదమే ఎందుకు పడుతుందని ఎవరో అడిగితే అతని దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. బాబా ఎడమ పాదం ఈ లోకంలో ఉంటుందట. కుడిపాదం ఆ లోకంలో ఆనుతుందట. ఈ మాట ఒకసారి బాబా ముందే చెప్పాడు. బాబా గడ్డం నిమురుకున్నారు.

సరే, అన్నం సయించని దస్తగిరి గురువారం పొద్దున బాబా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈ బండిని వెనక్కి పంపించేయండి బాబా. ఇది నమ్మేది కాదు."

ఏం చేసిందని బాబా అడిగారు. దస్తగిరి చెప్పుకొచ్చాడు. స్టీరింగు లాక్కుందన్నాడు. గాలికి ఎగిరొచ్చిన ప్లాస్టిక్ కవరును చూసి బ్రేకు కొట్టిందన్నాడు, దానికేదో దణ్ణం పెడుతున్నట్టు. ఊరికే టింగు టింగుమంటుందన్నాడు. టేపు సంగతి మాత్రం ఎత్తలేదు.

"నా చెయ్యి నాకు తెలుసు. దీని మనసులో ఏముండాదో ఎట్ల తెలుస్తాది బాబా? తెలియనిదాని చేతిలో మిమ్మల్ని ఎట్ల పెట్టేది?"

"తెలియనిదాంట్లో ఎక్కకూడదంటావు."

"ఎక్కకూడదు బాబా."

బాబా తల ఊపారు. దస్తగిరికి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే బాబా రేపటి ఏర్పాటు చెప్పారు. రెడ్డెమ్మ నడుపుతుంది, తను వెనక సీట్లో నడుం వాల్చుకుంటారు, దస్తగిరి ముందు ఎడమ సీట్లో కూర్చోవాలి. లేచొచ్చిన ప్రాణం మళ్ళీ ఎక్కడికో పోయింది.

శుక్రవారం పొద్దున అతని అనుమానం కారు నుంచి రెడ్డెమ్మ మీదికి పాకింది. జన్మలో క్లచ్చి తొక్కని మనిషి. ఆమె సీటులో కూర్చోవడం చూశాడు, అద్దం సర్దుకోవడం చూశాడు, చెప్పులు తుడుచుకోవడం కూడా చూశాడు. రెడ్డెమ్మ కాసేపు ఓర్చుకుంది.

"నువ్విట్ల గుడ్లప్పగించి చూస్తాంటే ఆ కన్ను అవసరమే లేదు దస్తగిరన్నా. టేపు అట్లనే ఉండనీ."

దస్తగిరి మొహం తిప్పుకున్నాడు. తిప్పుకుంటే అటువైపు ఇంకో విడ్డూరం. బాబా నడుం పట్టుకుని మెల్లగా వంగి, ఎడమ సీటు ముందు తన చేతులతోనే ఆకుపచ్చ గుడ్డ పరుస్తున్నారు.

అతను పరిగెత్తుకుపోయాడు. ఆ గుడ్డ మీద తన కాళ్ళు పెట్టనన్నాడు, కావాలంటే వెనక డిక్కీలో కూర్చుంటానన్నాడు.

"చెప్పులు విప్పి కూర్చో" అన్నారు బాబా.

కూర్చున్నాడు.

ఘాటు మొదలైంది. మొదటి మలుపులో దస్తగిరి ఎడమ చెయ్యి గేరు కోసం వెతికి, దొరక్క, తలుపు పిడిని పట్టుకుంది. ఆ తర్వాత దాన్ని వదల్లేదు. రెడ్డెమ్మ నెమ్మదిగానే పోతోంది, కానీ దస్తగిరి లెక్కలో అది నెమ్మది కాదు. తను అయితే ఇక్కడికి ఎప్పుడో తగ్గించి ఉండేవాడు. ఇక్కడ హారను కొట్టి ఉండేవాడు. ఆ లారీని ముందు పోనిచ్చి ఉండేవాడు. కారు టింగుమంటే ఉలిక్కిపడ్డాడు. టింగుమనకపోతే ఎందుకు అనలేదా అని మరీ భయపడ్డాడు.

వెనక సీట్లోంచి తస్బీ పూసల చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

పెద్ద బండరాయి మలుపు తిరగ్గానే మేకల మంద రోడ్డు మీదికి దూకింది. కారు ఆగిపోయింది. ముందరి మేక బానెట్టును వాసన చూసి, బాగాలేదన్నట్టు తుమ్మి, దాటిపోయింది. ఆపింది రెడ్డెమ్మో, కారో తెలియలేదు. ఒక్క క్షణం దస్తగిరి తనే ఆపాననుకున్నాడు. ఎందుకంటే కుడికాలు గుడ్డను తొక్కిపట్టి, తొడ దాకా నరాలన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి.

మసీదు ముందు దిగబోతే కుడికాలు నేలమీద ఆనలేదు. పిక్క పట్టేసింది. తలుపు పట్టుకుని కుంటుతూ నిలబడ్డాడు.

బాబా దిగి వచ్చారు. దస్తగిరి కాలి వంక చూశారు. లోపలికి వంగి, గుడ్డను కొసలు పట్టి పైకి తీసి, ఒకసారి దులిపి, అతని చేతుల్లో పెట్టారు.

ఎడమవైపు గుడ్డ మడత నలగలేదు. కుడివైపు మాత్రం నలిగి, చెమటతో నల్లబడి, అచ్చుగుద్దినట్టు ఒక పాదం గుర్తుంది.

దస్తగిరి దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. ఇంట్లో గోడ మీద అద్దం వెనక ఉన్నదీ ఇదే. భక్తులు కళ్ళకద్దుకుని తీసుకుపోయినవన్నీ ఇవే. అతని చూపు మెల్లగా దిగి, బాబా పొడుగు అంగీ అంచు కింద కనిపిస్తున్న కుడికాలి వేళ్ళ దగ్గర ఆగింది.

"అన్ని మలుపుల్లోనా బాబా?"

"తిన్నగా ఉన్న రోడ్డు మీద కూడా" అన్నారు బాబా. "అయినా ఒక్క శుక్రవారమన్నా ఎక్కకుండా ఉన్నానా?"

అజాన్ మొదలైంది. బాబా మసీదులోకి వెళ్ళిపోయారు.

దస్తగిరి గుడ్డ పట్టుకుని అక్కడే ఉన్నాడు. బాబా కారు దిగడం చూసి ఒక ముసలాయన గబగబా వచ్చాడు. గుడ్డ మీది గుర్తును చూసి, తలపాగా సర్దుకుని, కళ్ళకద్దుకోబోయాడు.

"వద్దు తాతా" అన్నాడు దస్తగిరి, గుడ్డను వెనక్కి దాచుకుంటూ. "ఇది నా కాలు."

రెడ్డెమ్మ కారు అవతలికి పోయి చాలాసేపు టైర్లలో గాలి చూసుకుంది.

సాయంత్రం రోగుల ఇళ్ళన్నీ తిరిగి బాబా కారు దగ్గరికి వచ్చేసరికి ఎడమ సీటు ముందు గుడ్డ మళ్ళీ పరిచి ఉంది, పాదం గుర్తు కిందికి పోయేట్టు తిరగేసి. రెడ్డెమ్మ వెనక సీట్లో కూర్చుని ఉంది. స్టీరింగు ముందు దస్తగిరి. ఆ నల్లకన్ను మీది టేపును గోటితో గీకుతున్నాడు. సగం ఊడొచ్చింది. మిగతా సగం వంక అనుమానంగా చూసి, దాన్ని కూడా పీకేశాడు.

బాబా చెప్పులు విప్పి, ఎడమ సీట్లో కూర్చుని, తస్బీ తీశారు.

కారు టింగుమంది. దస్తగిరి బెల్టు లాగి పెట్టుకున్నాడు.

ఘాటు మొదలవగానే బాబా కళ్ళు మూసుకున్నారు. మొదటి మలుపు దగ్గర దస్తగిరి తన ధోరణిలో జోరుగా తిప్పబోయి, ఎన్నడూ లేనిది, ఓరగా పక్కకు చూశాడు. ఆకుపచ్చ గుడ్డ మీద అంగీ అంచు కొద్దిగా ముందుకు జరిగింది.

అతను బ్రేకు మీద కాలు పెట్టాడు, మెత్తగా.

అంచు వెనక్కి వచ్చింది.