నాలుగో అంతస్తు చెప్పుల స్టాండు

ఇందుమతికి ఆ పూట ఉన్న బెంగల్లా ఒక్కటే. మాష్టారు ఇంకా "బాగుంది" అనలేదు.

గుంటూరులో లక్ష్మీపతి గారు కొత్తగా కట్టిన ఐదంతస్తుల చీరల షాపుకి అగ్నిప్రమాదం నుంచి కాపాడే ఏర్పాట్లన్నీ చేసింది ఆ అమ్మాయే. సీలింగు నిండా నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు, కాస్త పొగ తగిలితే చాలు గోల చేసే డిటెక్టర్లు, కరెంటు పోయినా ఆగకుండా కింద సెల్లార్లో డీజిల్ పంపు, వెనకవైపు పొగ చొరబడని మందపాటి తలుపులతో ప్రత్యేకంగా ఓ మెట్లదారి. ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వయసు చిన్నదైనా పని మాత్రం నికార్సుగా చేసింది. ఆ సంగతి ఆమెకీ బాగా తెలుసు. ఎవరైనా మెచ్చుకుంటే కాదనేంత మొహమాటం కూడా ఆమెకి లేదు.

మస్తాన్ వలీ మాష్టారు ఫైర్ సర్వీసులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఎన్ని మంటలు ఆర్పారో చెప్పరు. అడిగితే "ఇప్పుడవన్నీ ఎందుకులే తల్లీ" అంటారు. కొత్త బిల్డింగులకి ఈ ఏర్పాట్లు చూసిపెట్టడం, ఇష్టపడి వచ్చిన పిల్లలకి పని నేర్పడం ఇప్పుడాయన వ్యాపకం. ఇన్నాళ్లూ పని ఇందుమతిది, అన్నీ సరిగ్గా ఉన్నాయనే కాగితం కింద సంతకం ఆయనది. ఈ షాపుకి మాత్రం "నువ్వే పెట్టు" అన్నారు. అని ఊరుకున్నారా? "పెట్టేముందు నన్నొకసారి పిలువు" అని ఓ మెలిక కూడా పెట్టారు.

గురువారం పొద్దున్నే షాపు ప్రారంభం. ముహూర్తం పెట్టేశారు, కార్డులు పంచేశారు. ఆ సంతకం పడందే తలుపులు తెరవడానికి వీల్లేదు. మాష్టారు మంగళవారం వచ్చారు.

వచ్చిన మనిషి ముందు గుమ్మంలోంచి రాలేదు, లిఫ్టూ ఎక్కలేదు. గాజుపెంకులు పడున్న వెనక సందులోకి వెళ్లి, తలుపు తీయించుకుని, ఆ వెనక మెట్లమీదుగా ఆయాసపడుతూ నాలుగో అంతస్తుకి ఎక్కారు. అది పెళ్లి పట్టుచీరల విభాగం. పొడవునా పరుపులు, వాటిమీద తెల్లటి దుప్పట్లు, గోడవారగా నడవడానికి టైల్స్ దారి. పట్టుచీరలున్న చోటు లక్ష్మీదేవి ఉన్న చోటని లక్ష్మీపతి గారి నమ్మకం, అందుకని అక్కడ కూర్చునేవాళ్లు ఎంతటివాళ్లయినా చెప్పులు విప్పాల్సిందే. మాష్టారు తన తోలుచెప్పులు వెనక తలుపు పక్కనే విడిచి లోపలికొచ్చారు.

ఇందుమతి నాలిక కరుచుకుంది. ప్రాణం మీదికొస్తే పారిపోయే తలుపు దగ్గర పూచికపుల్ల కూడా అడ్డం ఉండకూడదని తనకి నేర్పింది ఈయనే కదా! పైగా షుగరు మనిషి. కాలికి చిన్న గాయమైనా నెలల తరబడి మానదు. ఎవరైనా ఆ చెప్పుల్ని తన్నేస్తే ఏం గాను? గబగబా వెళ్లి, వాటిని రెండు చేతుల్తో భక్తిగా తీసుకుని, ముందువైపు పెద్దమెట్ల దగ్గరున్న చెప్పుల స్టాండులో పెట్టి వచ్చింది.

మాష్టారు చూశారు.

ఆ పెద్దమెట్లు షాపుకే అందం. కింద నుంచి పైదాకా అద్దాల రెయిలింగు, నడిమధ్యన వేలాడే దీపాల గుత్తి, చూస్తే చూపు తిప్పుకోలేం. అందమంతా బాగానే ఉంది కానీ ఎక్కడా అడ్డుగోడ లేదు. కింద ఏదైనా అంటుకుంటే పొగంతా అక్కణ్ణించే పైకి ఎగదన్నుకొస్తుంది. ఇందుమతికి అది కంఠతా వచ్చు. అందుకే కదా లక్ష్మీపతి గారితో పోట్లాడి మరీ వెనక వేరే మెట్లు కట్టించింది!

"డ్రిల్లు కూడా చేయించాను మాష్టారూ" అంది అన్నీ తిప్పి చూపిస్తూ. "బెల్లు మోగగానే సేల్స్ అమ్మాయిలంతా వెనక మెట్లమీదుగా దిగిపోయారు. ఒక్కళ్లు కూడా పెద్దమెట్ల వైపు చూడలేదు. లక్ష్మీపతి గారు ముక్కున వేలేసుకున్నారు."

"సేల్స్ అమ్మాయిలు చెప్పులెక్కడ విడుస్తారమ్మా?"

"కిందే. వెనకవైపు వాళ్ల గది ఉంది కదండీ, అక్కడ."

"ఊఁ" అన్నారు మాష్టారు.

పంపు గురించి అడగరు, పైపుల గురించి అడగరు, చెప్పుల గురించి అడుగుతారేమిటీయన! ఇందుమతికి ఒళ్లు మండింది. పెద్దాయన కదా, అడిగితే అడిగారులే అని సర్దుకుంది.

అంతలో లిఫ్టులోంచి బిలబిలమంటూ లక్ష్మీపతి గారి బంధువర్గం దిగింది. మేనకోడలి పెళ్లి దగ్గరపడింది, తొలిబేరం ఇంటివాళ్లదే కావాలని ఆయన ముచ్చట. ముందు ఆయన తల్లి రత్నమ్మ గారు, వెనక కోడళ్లు, ఆడపడుచులు, పెళ్లికూతురు, వాళ్ల స్నేహితురాళ్లు. అందరూ స్టాండులో చెప్పులు విడిచి పరుపుల మీద కూర్చున్నారు. చీరలు కుప్పలు పోశారు. బాదంపాలు వచ్చాయి.

"ఆ చిలకాకుపచ్చది తియ్యమ్మా."

"అబ్బ, అది మొన్న మా తోటికోడలు కట్టింది, మళ్లీ అదేనా!"

మాష్టారు లక్ష్మీపతి గారి చెవిలో ఏదో చెప్పారు. ఆయన తలూపి, చీరలు చూపిస్తున్న సేల్స్ అమ్మాయిల్ని కిందికి పంపేశారు. "నువ్వూ కూర్చో తల్లీ, పాలు తాగు" అని మాష్టారు ఇందుమతిని కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని అలా నడుచుకుంటూ వెళ్లి, గోడకున్న ఎర్ర పెట్టె మీద బొటనవేలితో నొక్కారు.

ఒక్కసారిగా హూటరు గొల్లుమంది. వెనక తలుపు మీద ఆకుపచ్చ బోర్డు వెలుగుతోంది. స్పీకర్లలోంచి ఇందుమతి గొంతే వినిపించింది. ఎంత ముచ్చటపడి రికార్డు చేసిందో! "దయచేసి కంగారు పడకండి. వెనకవైపు మెట్లదారిలో బయటికి వెళ్లండి."

వెనక్కి ఎవరెళ్లారు? పరుపుల మీదున్న ఆడవాళ్లంతా చటుక్కున లేచి ముందువైపుకి, చెప్పుల స్టాండు మీదికి పడ్డారు.

"నావేవే? నల్లవి, బొత్తాం ఉన్నవి!"

"అత్తయ్యగారివి పై అరలో ఉన్నాయి, తియ్యి తియ్యి!"

"అటు కాదండీ, ఇటు! ఇటు రండి!" అని ఇందుమతి గొంతు చించుకుంది. ఎవరికి పట్టింది? సరిగ్గా అప్పుడే ఆమెకి గుర్తొచ్చింది. మాష్టారి చెప్పులు! స్టాండులో పెట్టింది తనే. ఆ షుగరు కాళ్లతో అన్ని మెట్లు దిగి, ఆ సందులో గాజుపెంకుల మీద ఎలా నడుస్తారు?

ఇక ఏమీ ఆలోచించలేదు. జనంలోకి దూరింది. మోచేత్తో ఒకర్ని నెట్టింది, భుజంతో ఇంకొకర్ని తోసింది, వంగి ఆ తోలుచెప్పులు దొరకబుచ్చుకుని గిరుక్కున తిరిగింది. తిరగడంలో ఎవరినో గట్టిగా గుద్దుకుంది. రత్నమ్మ గారు తూలి, మెట్ల అంచున మోకాళ్ల మీద పడి, అద్దాల రెయిలింగు పట్టుకుని ఆగారు.

హూటరు ఆగిపోయింది. స్పీకర్లో ఇందుమతి మాత్రం తీయగా చెబుతూనే ఉంది, వెనకవైపు మెట్లదారిలో బయటికి వెళ్లండి అని.

మాష్టారు వెనక తలుపు దగ్గర ఒట్టి కాళ్లతో ఒక్కరే నిలబడి ఉన్నారు.

ఆయన నెమ్మదిగా వచ్చారు. రత్నమ్మ గారిని ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని లేపి పరుపు మీద కూర్చోబెట్టారు. దెబ్బేమీ తగల్లేదు, ఆవిడ గుండెలు మాత్రం దడదడలాడుతున్నాయి. అప్పుడు మాష్టారు ఇందుమతి చేతిలో ఉన్న చెప్పుల వైపు చూశారు.

"నాకోసమా?"

"మీ కాళ్లు..." అంది.

పక్కన పెద్దకోడలు రెండు జతలు గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది. మాష్టారు ఆమె వైపు తిరిగి, "అవి ఎవరివమ్మా?" అని అడిగారు.

"ఒకటి నాది, ఒకటి అత్తయ్యగారిదండీ. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మెత్తటి చెప్పులు లేకపోతే అడుగు వెయ్యలేరు."

"మంచిపిల్లవి" అన్నారు మాష్టారు. ఎవరిని అన్నారో ఆయనకే తెలియాలి. ఒక మూలకి వెళ్లి, చల్లారిన బాదంపాల గ్లాసు తీసుకుని కూర్చున్నారు.

ఇందుమతికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఏడుపొచ్చింది కూడా. వెనక్కి తిరిగి చూసింది. ఆకుపచ్చ బోర్డు ఇంకా వెలుగుతూనే ఉంది. ఎంతో పోట్లాడి పెట్టించిన ఆ తలుపు మీద ఇంతమందిలో ఒక్కరి చెయ్యి కూడా పడలేదు. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, చున్నీ నడుముకి బిగించి, కొలతల టేపు తీసింది.

వెనక తలుపు పక్కన గోడ లోపలికి వంగిన చోటు ఒకటుంది. స్టాండు అందులో పెడితే దారికి వేలెడు కూడా అడ్డం రాదు. రెండుసార్లు కొలుచుకుని, ఇద్దరు మనుషుల్ని పిలిచింది. "ఆ స్టాండు ఎత్తండి. ఇక్కడికి తీసుకురండి."

లక్ష్మీపతి గారు పరుగెత్తుకొచ్చారు. "ఇక్కడికా! అమ్మాయ్, ఇది ఈశాన్యం మూల. ఈశాన్యంలో చెప్పులు పెడతారా ఎవరైనా? నా షాపు ఏమైపోవాలి?"

"ఈ మూలే ఉండాలి బాబాయ్ గారూ."

"ముందువైపే ఉంచి, అక్కడో మనిషిని పెడతానమ్మా. చెప్పులు ముట్టుకోనివ్వకుండా చూస్తాడు."

"నన్ను ఆపగలడా? ఇందాక నేనేం చేశానో మీరు చూశారుగా. పని తెలిసిన నేనే అటు పరిగెత్తాను."

"గురువారం ముహూర్తం! ఇంతదాకా వచ్చి ఇప్పుడు..."

"స్టాండు ఇక్కడికి రాకపోతే నేను సంతకం పెట్టను."

మొట్టమొదటి సంతకం అది. ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్నది. ఓరకంట మాష్టారి వైపు చూసింది. ఆయన పాలు తాగుతున్నారు.

లక్ష్మీపతి గారు నోరు తెరిచేలోపు పరుపు మీంచి రత్నమ్మ గారు అందుకున్నారు. "ఒరే లక్ష్మీపతీ! ఇందాక నన్ను తోసింది ఈ పిల్లే. మళ్లీ తొయ్యకుండా ఉండాలంటే స్టాండు అక్కడ ఉండాలంటోంది. పెట్టనివ్వరా, నీ ఈశాన్యం సంగతి నేను శాస్త్రులు గారితో మాట్లాడతాలే."

దాంతో ఇంకేం మాట్లాడతారు? స్టాండు వెనక్కి వచ్చింది. అందరూ తమ తమ చెప్పులు మళ్లీ అందులో సర్దుకున్నారు. పెద్దమెట్ల దగ్గరున్న "చెప్పులు ఇక్కడ విడవండి" బోర్డు కూడా పీకించి, వెనక పెట్టించింది.

భోజనాలయ్యాక పెళ్లికొడుకు తరఫువాళ్లు వచ్చారు. వాళ్లకి పొద్దుటి భాగోతం తెలియదు, చెప్పొద్దని ఇందుమతి అందరికీ గట్టిగా చెప్పింది. లిఫ్టు దిగి చెప్పులెక్కడ విడవాలని అడిగారు. చూపించారు. గోడవార దారిలో ఆ చివరిదాకా నడిచి, వెనక తలుపు పక్కన చెప్పులు విడిచి, పరుపుల మీదికొచ్చి కూర్చున్నారు. మళ్లీ చీరలు, మళ్లీ ఎర్రంచులు, మళ్లీ బేరాలు.

ఈసారి ఎర్ర పెట్టె ఇందుమతే నొక్కింది.

హూటరు మోగింది. వియ్యాలవారు ఉలిక్కిపడి లేచారు. ఎవరూ ఎవరినీ అడగలేదు. కాళ్లు వాటంతటవే చెప్పులు విడిచిన వైపుకి నడిచాయి. కోడళ్లు అత్తగారి చెప్పులు తీసి తొడిగారు. తలుపు తెరుచుకుంది. పైటలు సర్దుకుంటూ, గొణుక్కుంటూ, ఒకరి వెనక ఒకరు మెట్లు దిగడం మొదలుపెట్టారు.

ఇందుమతి చివరి మనిషికోసం వెనక్కి తిరిగి చూసింది.

ఆ చివర పెద్దమెట్ల దగ్గర, స్టాండు తీసేసిన ఖాళీ చోట, పక్కపక్కనే పొందికగా పెట్టి ఉన్నాయి మాష్టారి తోలుచెప్పులు. తను చూడకుండా ఎప్పుడు పెట్టారో! మాష్టారేమో ఒట్టి కాళ్లతో ఈ తలుపు దాటి మెట్లు దిగిపోతున్నారు.

ఎంత దూరం? పరిగెత్తి తెచ్చేయొచ్చు. మంటా లేదు, పొగా లేదు, నొక్కింది తనే. ఆమె కాళ్లు అటే లాగాయి. ఒక అడుగు పడింది కూడా.

"అమ్మాయ్, కాస్త చెయ్యి ఇస్తావా?" అన్నారు రత్నమ్మ గారు గుమ్మంలోంచి.

ఇందుమతి ఇటు తిరిగింది. ఆవిడ చెయ్యి పట్టుకుంది. అందరికన్నా చివర తను బయటికొచ్చి తలుపు వేసేసింది.

కింద సందుని ఆనుకుని ఉన్న పెరట్లో మిట్టమధ్యాహ్నపు ఎండ. సిమెంటు నేల నిప్పుల కొలిమిలా ఉంది. అందరూ చెప్పులతో గోడ నీడకి చేరి, ఇదేం గోలమ్మా అని నవ్వుకుంటున్నారు. నీడ చివర, చోటు సరిపోక, మాష్టారు ఒక కాలి మీద ఒక కాలు మార్చుకుంటూ నిలబడ్డారు.

ఇందుమతి రత్నమ్మ గారిని వదిలి ఆయన దగ్గరికి వెళ్లింది. ఒట్టి చేతులతో వెళ్లింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. మాష్టారు ముందు ఆమె చేతుల వైపు, తర్వాత మొహం వైపు చూశారు.

జేబులోంచి పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టారు.

"కాళ్లు కాలిపోతున్నాయి తల్లీ" అన్నారు, నోరారా నవ్వుతూ. "త్వరగా పెట్టు సంతకం."