దాలయ్య నమిలిన ముక్క

ఎప్పుడంటే ఎప్పుడో. ఎక్కడంటే అక్కడే, మబ్బులు కొండ దిగొచ్చి రోడ్డు మీద పడుకుని, బండి వస్తే విసుక్కుంటూ పక్కకి ఒత్తిగిలే కనుమ దగ్గర. చూసినవాళ్ళు లేరు. విన్నవాళ్ళు బోలెడు. చెబుతున్నవాడికి ఇంజను గురించి తెలిసిందల్లా ఇంతే: తంతే లేస్తుంది, లేకపోతే పడుకునే ఉంటుంది. ఆ లెక్కన తనూ ఇంజనేనని ఇంట్లోవాళ్ళ మాట.

అనగా అనగా గవరయ్య అని ఒకడు. అతనికి ఒక చెల్లెలు, ఒక మోటారు సైకిలు, ఒక కోపం ఉండేవి. చెల్లెలు పైడమ్మని కనుమకి అవతల ఊళ్ళో ఇచ్చారు. మోటారు సైకిలు వీధరుగు పక్కన ఉండేది. కోపం మాత్రం అతనెక్కడికెళ్తే అక్కడికి కూడా వెళ్ళేది.

ఆ కోపం కథ చిన్నదే. పైడమ్మ పెద్దకొడుక్కి చెవులు కుట్టించేనాడు పిల్లాణ్ణి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. మేనమామ గవరయ్యే. చొక్కా ఇస్త్రీ చేయించుకుని, మీసం దువ్వుకుని, దారిలో కనిపించిన ప్రతివాడికీ తనెక్కడికి వెళుతున్నాడో చెప్పుకుని, అతను చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. పిల్లాణ్ణి పీట మీద కూర్చోబెట్టి కుట్టించేశారు.

"మావోడికి మేనమామ లేడనుకున్నాంలే," అంది పైడమ్మ.

గవరయ్య విస్తట్లో చెయ్యి పెట్టకుండా లేచి వచ్చేశాడు. ఒక వానాకాలం మాట్లాడుకోలేదు. రెండో వానాకాలం మాట్లాడుకోలేదు. మూడో వానాకాలమూ మాట్లాడుకోలేదు. తప్పు తనదేనని గవరయ్యకి తెలుసు. అది తెలిసిన కొద్దీ కోపం పెరిగింది.

మళ్ళీ మబ్బులు పట్టే రోజులొచ్చాయి. వానలు మొదలైతే కనుమ మూసుకుపోతుంది. అప్పుడు గంపలమ్ముకునే ముసలమ్మ ఒకతి కొండ దిగొచ్చి గవరయ్య అరుగు మీద కూలబడింది.

"నీ సెల్లి సిన్నకొడుక్కి రేపు సెవులు కుట్టిస్తంది. పొద్దు కుంగేలోపల ముగూర్తం. మావ ఒస్తే ఒళ్ళోనంట, రాకపోతే పీట మీదంట. మరింక కబురెట్టదంట."

"ఇంకేటంది?"

"ఇంకేటీ అన్లేదు. నీకు గంప కావాలా?"

గవరయ్య గంప కొన్నాడు. ఎందుకు కొన్నాడో తెలీదు. మర్నాడు కోడి కూయకముందే గంప వెనక కట్టుకుని బండి తీశాడు. ఈసారి చొక్కా ఇస్త్రీ లేదు. మీసానికి దువ్వెన లేదు. ఎదురైనవాడు "ఎక్కడికి?" అంటే బదులు లేదు.

కనుమ మొదట్లో బండి కటకటమంది. కటకటకట మంది. తరవాత 'టక్'మని, కల మధ్యలో మాట ఆపేసిన మనిషిలా ఊరుకుంది.

అక్కడొక తాటాకు పాక. పాక ముందు దాలయ్య. బళ్ళు బాగుచేసే మేస్త్రీ. పొట్టి మనిషి, నూనె మరకల లుంగీ, ఎప్పుడు చూసినా బుగ్గలో నల్లవక్క. గొట్టం పెట్టి నోటితో పెట్రోలు లాగీ లాగీ, నాలిక్కి రుచి చచ్చిపోయింది. భార్య సూరీడమ్మ ఏం వండినా తినేవాడు. ఉప్పు లేదని ఒక్కనాడు అనలేదు. దాంతో ఆ చుట్టుపక్కల సూరీడమ్మది గొప్ప చెయ్యని పేరొచ్చింది.

"బావూ, నాను మంచి మేస్త్రీనా, సెడ్డ మేస్త్రీనా అని అడగకు," అన్నాడు దాలయ్య. "ఈ దిగువన నానొక్కణ్ణే."

"పొద్దు కుంగేలోపల నాను కొండ మీదుండాలి."

"ఎందుకేటి?"

గవరయ్య ఎవరికీ చెప్పనిది అతనికి చెప్పాడు. దాలయ్య విని, ఇంజను మీద చెవి ఆనించాడు. చల్లారుతున్న ఇనుము చిటపటలాడుతూ అతనికేదో చెప్పింది.

"దీని కడుపులో ఓ గొలుసుంటది బావూ. కింద నించి పైకి, పై నించి కిందకి తిరుగుతానే ఉంటది. అది ఊగిపోకుండా పక్కన ఓ పట్టీ ఉంటది, గైడంటారు. అది ఎక్కడికీ ఎల్లదు. గొలుసు దాన్నొరుసుకుంటా పోతా ఉంటే అలగే ఆనుకోనిచ్చి నిలబడతది. అది ఇరిగిపోనాది."

"కొత్తదుందా?"

"పట్నంలో ఉంటది. పోయి ఒచ్చీసరికి నీ మేనల్లుడు గెడ్డం గీసుకుంటా ఉంటాడు."

గవరయ్య తల పట్టుకున్నాడు. దాలయ్య పాక చూరులోంచి గేదెకొమ్ము ఒకటి తీశాడు. ఇంజన్లో నూనె పొయ్యడానికి దాని మొన కోసి, గరాటులా వాడుకునేవాడు. ఏళ్ళ తరబడి నూనె తాగి నల్లగా, నున్నగా ఉంది. పుట్టుకతోనే వంపు ఉంది.

"ఇందులోంచి పట్టీ సెక్కుతాను. కొండెక్కుతది. ఆ తరవాత సంగతి గేదెకి తెలాలి."

ముందు ఇంజను విప్పాడు. నూనె పళ్ళెంలోకి వంచాడు. పాత పట్టీ ముక్కలొక్కొక్కటీ తీసి కిరసనాయిల్లో కడిగి, సత్తు గిన్నెలో వేశాడు. ఆ గిన్నె పక్కనే సూరీడమ్మ వక్కల గిన్నె పెట్టి పోయింది. దాలయ్య పని చేస్తూ చేస్తూ, చూడకుండానే చెయ్యి చాపి వక్క బుగ్గన పెట్టుకున్నాడు. తరవాత పాత చీరముక్క పరిచి, విరిగిన పట్టీని ముక్క పక్కన ముక్కగా పేర్చాడు. ఆ వంపు చూసుకుంటూ కొమ్ము చెక్కాడు. గాజుపెంకుతో గీశాడు. అరచేత్తో రుద్దాడు. చీరముక్క మీద పాతదీ, దాని పక్కన కొత్తదీ, అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. పాతదాని నడుము దగ్గర బొటనవేలి గోరంత ఖాళీ ఉంది.

"ఇంకో ముక్కుంది, బావూ," అన్నాడు దాలయ్య.

పళ్ళెంలో నూనె జల్లెడ పట్టాడు. లేదు. గొలుసు తిరిగే గూట్లో సైకిలు పుల్ల వంచి గెలికాడు. లేదు. అడుగున నూనె పీల్చుకునే జాలీ విప్పి చూశాడు. అక్కడా లేదు. మబ్బు కొండ నడుం దాకా దిగింది.

"మూసెయ్, మేస్త్రీ," అన్నాడు గవరయ్య.

"ఇంకో ముక్కుంది, బావూ."

మళ్ళీ వెతికాడు. వక్క నములుతూ వెతికాడు. ఈ పూట వక్క ఎంతకీ నలగడం లేదు. మబ్బు కొండ మోకాళ్ళ దాకా దిగింది.

"మూసెయ్, మేస్త్రీ. గోరంత ముక్కకి ఏటవుతాది?"

"గోరంతే. ఏడో మలుపులో గొలుసు పళ్ళ మజ్జిన పడతది. సక్రం బిగుసుకుపోతాది. ఓ పక్క కొండ, ఓ పక్క లోయ. నీ మేనల్లుడు పీట మీద కూకుంటే సెవులే కుడతారు. నువ్వు లోయలో కూకుంటే ఏటి కుట్టాలి?"

మధ్యాహ్నం దాటింది. సూరీడమ్మ ఇద్దరికీ గంజి పోసింది. దాలయ్య వక్క బుగ్గకి నెట్టి గంజి తాగి, మళ్ళీ నమలడం మొదలెట్టాడు. మబ్బు రోడ్డు మీదకి దిగి, పాక ముందు పడుకుంది.

"మూసెయ్, మేస్త్రీ!" గవరయ్య చేతులు జోడించాడు. "నీకు దండమెడతాను."

"ఇంకో ముక్కుంది, బావూ."

గవరయ్య గంప నెత్తిన బోర్లించుకుని, నడిచే వెళ్ళిపోదామని కొండ వైపు తిరిగాడు. నడిచి వెళితే పొద్దు కుంగేలోపు సగం దూరం కూడా పోలేడని అతనికి తెలుసు. అయినా నడిచాడు.

కాస్త దూరం పోయాక వెనక ఏదో తేడాగా అనిపించింది. నమిలే చప్పుడు ఆగిపోయింది.

తిరిగి చూశాడు. దాలయ్య నోట్లోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. నల్లగా, నున్నగా, గోరంత. పక్కనే మోకాలికి తగిలేటంత దగ్గరలో నూనె పళ్ళెం ఉంది. వేలు ముంచి తీసి "దొరికింది" అంటే సరిపోయేది. మబ్బు సందులోంచి గవరయ్య చూస్తున్నాడని అతనికి తెలీదు.

దాలయ్య లేచాడు. చెయ్యి చాపుకుని మబ్బులోంచి నడిచొచ్చాడు.

"బావూ. ముక్క దొరికింది."

"ఎక్కడ?"

"నా బుగ్గలో."

గవరయ్య గంప నెత్తి మీంచి తీశాడు.

"వక్కనుకుని ఏసుకున్నాను. పొద్దుటినించీ నానే నవుల్తన్నాను, నానే ఎతుకుతన్నాను. నూనెలో దొరికిందని సెబుదామనుకున్నాను. అప్పుడు నువ్వు నాకు దండమెట్టి ఎల్తావు. ఆ దండం నాకెందుకు? తిట్టి ఎల్లు."

సూరీడమ్మ పాకలోంచి తొంగి చూసింది. "ఏటయ్యా, రుచి తెల్లేదా?"

"గట్టిగుందనిపించింది. నీ సేతి వంట కూడా ఒక్కోపాలి అలగే ఉంటది గదా అని ఊరుకున్నాను."

గవరయ్యకి తిట్టడానికి మాటలు రాలేదు. అంత కోపం వచ్చింది. దాలయ్య ఆ ముక్క కడిగి, చీరముక్క మీద ఖాళీలో పెట్టాడు. పాత పట్టీ పూర్తయింది. అప్పుడు కొమ్ముపట్టీ లోపల దింపి, ఇంజను మూసి, తన్నాడు. ఇంజను లేచింది. కటకట లేదు. దూరంగా ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు సన్నగా, మెత్తగా గుంయ్‌మంది.

గవరయ్య మబ్బులోకి పోయాడు.

లోపల దారి కనబడదు. చక్రం కిందికి వచ్చిన మేరే రోడ్డు, వెనక మళ్ళీ తెల్లన. చెట్లు వచ్చి, ముఖం చూసి, వెళ్ళిపోయేవి. ఎక్కుతున్నాడో తేలుతున్నాడో తెలీదు. చెల్లెలితో అనడానికి అతను మూడు మాటలు కట్టుకుని బయల్దేరాడు. 'నాదే తప్పు' అన్నది మొదటిది. 'అమ్మ ఉంటే మనల్నిలాగ ఉండనిచ్చేది కాదు' అన్నది రెండోది. 'నీ మీద కోపం కాదే, నా మీదే' అన్నది మూడోది. ఇంజను మెత్తగా పాడుతోంది. మొదటి మలుపులో మొదటి మాట మబ్బులో జారిపోయింది. నడిమలుపులో రెండోది జారిపోయింది. కొండ మీద మబ్బు తెరిపిచ్చి, పొద్దు కొండ అంచున గడ్డం ఆనించి కనబడేసరికి, మూడోదీ లేదు. నోట్లో ఒక్క మాట లేకుండా పైడమ్మ వాకిట్లో దిగాడు.

పిల్లాణ్ణి అప్పటికే పీట మీద కూర్చోబెట్టారు. కంసాలి బంగారపు తీగ వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. పైడమ్మ అన్నని చూసింది. రమ్మనలేదు. పొమ్మనలేదు. వాకిట్లో జనమంతా అతని నోటి వంక చూశారు.

గవరయ్య నోరు తెరిచాడు.

"అమ్మీ, దారిలో ఓ మేస్త్రీ నా బండి ముక్క నమిలేశాడే."

"ఏటీ?"

"నిజమే. వక్కనుకున్నాడు. పొద్దుటినించీ ఎతికాడు, బుగ్గలో ఎట్టుకుని."

పైడమ్మ పెదవి బిగబట్టింది. కళ్ళు బిగబట్టలేకపోయింది.

"గంజి కూడా తాగాడే. దాన్ని పక్కకి నెట్టి."

అంతే. పైడమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని కూలబడింది. మూడు వానాకాలాల నవ్వు ఒక్కసారే వచ్చింది. కంసాలి తీగ కింద పడేసి నవ్వాడు. గవరయ్య, దిగువన తిట్టడానికి మాట దొరకని గవరయ్య, ఇక్కడికొచ్చి పగలబడి నవ్వాడు. పెద్దవాళ్ళెందుకు నవ్వుతున్నారో పీట మీది చిన్నాడికి తెలీలేదు. కథ దగ్గరగా విందామని లేచొచ్చి, మామ ఒళ్ళో ఎక్కి కూర్చున్నాడు.

కంసాలి అప్పుడే కుట్టేశాడు. పొద్దు అప్పుడే కుంగింది. వాన అప్పుడే మొదలైంది.

కనుమ మూసుకుపోయింది. వానాకాలమంతా గవరయ్య చెల్లెలింట్లోనే ఉన్నాడు. రోజూ ఎవరో ఒకరొచ్చి ఆ కథ చెప్పమనేవారు. రోజూ అనుకునేవాడు: దిగువకి పోయి దాలయ్యకి చెప్పాలి, నీ బుగ్గలో ముక్క నా చెల్లెల్ని నాకిచ్చింది అని.

వానలు వెలిశాక గంప నిండా కొండచీపుర్లు, పసుపు, పనసతొనలు పెట్టుకుని దిగాడు. పాక ముందు ఎవరూ లేరు. లోపల సూరీడమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. వానల్లో జ్వరమొచ్చింది. వాగులు పొంగి మందుకి దారి లేదు. దాలయ్య పోయాడు. పోయినవాడి నోట్లో తులసినీళ్ళు పొయ్యబోతూ, ఎవరో ముందు బుగ్గ తడిమి చూశారట. ఏడుస్తున్న వాళ్ళంతా నవ్వేశారట. నవ్వి, మళ్ళీ ఏడ్చారట.

గవరయ్య గంప దించాడు. వెళ్ళిన దారంతా, వచ్చిన దారంతా మాటలు పోగొట్టుకునే మనిషి. నేల చూస్తూ అడిగాడు.

"అమ్మా, దాలయ్య బండి బాగుచేసిన కత నీకు తెల్సా?"

సూరీడమ్మ అతని వంక చూసింది. ఆ రోజు ఆమె అక్కడే ఉంది. గంజి పోసింది ఆమే. వక్కల గిన్నె పెట్టింది ఆమే. పీట లాగి అతని ముందు వేసింది.

"తెల్దు బావూ," అంది. "సెప్పు."

ఆ కనుమ కింద మేస్త్రీలు ఇప్పటికీ ఇంజను మూసే ముందు ఒకరికొకరు నోరు తెరిచి చూపించుకుంటారు. వక్క అలవాటు లేనివాళ్ళు కూడా చూపిస్తారు. గవరయ్య బండి ఎవరి ఇంట్లో ఉందో ఎవరికీ తెలీదు. లోపలి కొమ్ము ఇంకా నిలబడే ఉందనీ, మబ్బు పట్టిన రోజున తిరగలి చప్పుడు వినబడుతుందనీ అంటారు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ కొండకి ఇటూ అటూ, మాటలు మానేసుకున్న ఇద్దరిలో ఒకరు రెండోవాళ్ళ గుమ్మంలోకి వస్తే, తప్పెవరిదో ఎత్తరు. కాళ్ళు కడుక్కుని కూర్చుని, "దాలయ్య బండి బాగుచేసిన కత తెల్సా?" అంటారు. ఎదుటివాళ్ళు అది ఊయల్లో ఉన్నప్పట్నించీ వింటూనే ఉంటారు. అయినా ఎంత కోపమున్నా, ఎన్ని వానాకాలాల కోపమైనా, పీట వాల్చి ఒకటే అంటారు.

"తెల్దు. సెప్పు."