దారం కట్టిన కాయ

మదనపల్లె పక్కన ఒక పల్లెలో రెడ్డెమ్మ అనే ఆమె ఉండేది. చేతివంటను ఎవరైనా మెచ్చుకుంటే చాలు, ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి వండిపెట్టే బలహీనత ఆమెది.

ఆమె పెరట్లో పొడుగ్గా, కొన తేలి ఉండే తక్కాళ్లు కాసేవి. తక్కాళి అంటే ఆ వైపు టమాటానే. ఎప్పుడో మిషను ఆసుపత్రిలో పనిచేసిన ఇటలీ సిస్టరు ఆ విత్తనం రెడ్డెమ్మ అత్తకు ఇచ్చింది. కండ ఎక్కువ, నీళ్లు తక్కువ. కాల్చి రోట్లో నూరితే ఆ పచ్చడికి ఊరంతా లొట్టలు వేసేది. అత్త ఒక్కటే కట్టడి పెట్టింది: ముందుగా పండిన మంచి కాయలకు పసుపు దారం కట్టాలి. అవి విత్తనానికే. దేవుడడిగినా కొయ్యకూడదు.

కిందటేడు రెడ్డెమ్మ బావ చెంగల్రెడ్డి చుట్టాలతో దిగాడు. "నీ పచ్చడి ముందు అమృతం కూడా దిగదుడుపే!" అన్నాడు. అంతే, రెడ్డెమ్మ ఉబ్బిపోయి దారం కట్టినవి కూడా కోసి నూరేసింది. చివర మిగిలిన గిడస కాయల నుంచి విత్తనం దాచింది. ఏం లాభం? అప్పటికే పక్క చేలోని నీళ్లకాయల పుప్పొడి వాటికి కలిసిపోయింది. ఈ ఏడు ఇరవై మొక్కలు వేస్తే పంతొమ్మిదింటికి చప్పటి నీళ్లకాయలే. ఒక్క మొక్కకు మాత్రం మూడు అసలు కాయలు పండాయి. రెడ్డెమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని వాటికి దారం కట్టింది. అవి పోతే ఇక ఆ జాతే లేదు.

సరిగ్గా అప్పుడే బావ మళ్లీ వచ్చాడు, వెంట నలుగురు.

"రెడ్డెమ్మా, నీ పచ్చడి తినకపోతే వీళ్ల జన్మ వృథా!"

"పచ్చడి లేదు బావా. సంకటి ఉంది, ఉలవచారు ఉంది."

"మరి ఆ మొక్కకున్నవేమిటి?"

"అవి విత్తనానికి."

చెంగల్రెడ్డి మొహం మాడిపోయింది. "ముష్టి మూడు కాయలకు నలుగురిలో నా పరువు తీస్తావా?" అంటూ పెరట్లోకి నడిచాడు.

రెడ్డెమ్మ మొక్కకు అడ్డంగా నిలబడింది. "తిట్టు బావా, ఎంతైనా తిట్టు! పొగిడితేనే నా విత్తనం పోయింది. తిడితే పోదు!"

వచ్చినవాళ్లు ఉలవచారే జుర్రుకున్నారు. బావ మాత్రం తినకుండా పెరట్లోంచి అటే వెళ్లిపోయాడు. రెడ్డెమ్మ ఆ మూడు కాయలనూ బాగా మాగనిచ్చి, బూడిదలో పిసికి, గుడ్డమీద ఆరబెట్టి దాచింది.

మరుసటేడు పెరడంతా ఎర్రగా పండింది. చెంగల్రెడ్డి ఏమీ జరగనట్టే వచ్చి అందరికంటే ముందు విస్తరి ముందు కూర్చున్నాడు. "దారం కట్టినవి నేనడగనులే," అని తనే అన్నాడు. రెడ్డెమ్మ నవ్వి, పచ్చడి రెండుసార్లు వడ్డించింది.

అందుకే, ఎవరో పొగిడారని విత్తనం వండుకోకూడదు. కాదనాల్సిన చోట అయినవాళ్లనైనా కాదనాలి.