కంచె కొండకు వచ్చిన టీకా

చుట్టూ ఇనప కంచె ఉన్న కొండ అది. లోపల పులి లేదు, బయటికి దారి లేదు. జింకలు ఏటేటా పెరిగాయి, గడ్డి మాత్రం పెరగలేదు. ఎండలు ముదిరితే కూనల్లో సగం మిగిలేవి కావు. వాటిని తినే గుంటనక్క ఒక్కటే అక్కడ నిగనిగలాడుతుండేది.

ఒక ఉదయం నీళ్లబండి లాగే ముసలి ఎద్దు బసవయ్య జింకల దగ్గరికొచ్చింది.

"రేపు డాక్టరు వస్తున్నాడమ్మా. ఆడజింకలకు టీకా వేస్తాడట. రెండు మూడేళ్లు చూలు నిలవదు, తర్వాత మళ్లీ మామూలే. ఈలోగా గడ్డి కోలుకుంటుందని కావలివాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను."

నిరుడు కూనను పోగొట్టుకున్న మచ్చమ్మ అనే జింక ముందుకు జరిగింది. "నిజమేనా మామా?"

"సగం నిజం," అంటూ పొదలోంచి నక్క వచ్చింది. "మళ్లీ మామూలవుతుందని ఎవరు చూశారు? బసవయ్యనూ పడుచుతనంలో ఇలాగే పట్టుకుని విత్తులు కొట్టారు. ఏం బసవయ్యా, నీకెంతమంది పిల్లలు?"

ఎద్దు తల దించుకుంది. "నాకు చేసింది వేరు. అది తిరిగి రాదు. ఇది వస్తుంది."

"తనకు లేనిది మీకూ ఉండకూడదని దాని ఏడుపు, తల్లీ. నా వెంట రండి. మనిషి ఎక్కలేని రాళ్ల మధ్య దాస్తాను."

ఎద్దుకు పిల్లలు లేరన్న మాట నిజం. దాంతో నక్క చెప్పిన మిగతాదీ నిజమే అనిపించింది మచ్చమ్మకు. అది కదిలితే మందంతా కదిలింది. డాక్టరు సాయంత్రందాకా చూసి వెళ్లిపోయాడు.

చలికాలంలో కూనలు పుట్టాయి. ఎండలకు మచ్చమ్మ పొదుగు ఎండిపోయింది. దాని కూన మూతితో పొడిచి పొడిచి, ఒక మధ్యాహ్నం ఇక లేవలేదు. మచ్చమ్మ నీళ్లు తాగి వచ్చేసరికి నక్క అక్కడుంది.

"మా మేలు కోరి చెప్పావనుకున్నాను," అంది మచ్చమ్మ.

"మీరు కనాలని కోరాను," అంది నక్క మూతి నాక్కుంటూ. "మీరు కనకపోతే నేనేం తినాలి?"

తొలకరికి డాక్టరు మళ్లీ వచ్చాడు. నక్క రాళ్ల మీంచి ఎంత పిలిచినా మచ్చమ్మ వెళ్లలేదు. తనే బయలులోకి వచ్చి నిలబడింది. మిగతా జింకలు దాని వెనక చేరాయి. డాక్టరు తుపాకీలోంచి వచ్చిన టీకా సూది తొడలో దిగింది.

"నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగింది ఎద్దు.

"కూన పోయిన నొప్పి ముందు ఇదేపాటి మామా," అంది మచ్చమ్మ.

ఆ మరుసటి ఎండాకాలానికి నక్క డొక్కలు బయటపడ్డాయి.

మన పిల్లల గురించి సలహా చెప్పేవాడి కడుపు దేనితో నిండుతుందో ముందు చూసుకోవాలి.