భట్టుగారి శాంతి

కుంతలగిరి రాజు ప్రతాపగుప్తుడు పొద్దున ఏ కొత్త సంగతి విన్నా, సాయంత్రంలోగా దాన్ని సభలో చూడాలంటాడు. ఆ రోజు చీనా వర్తకుడొకడు తమ దేశపు తావో మార్గం గురించి చెప్పాడు. దయ, మితం, ముందుకు ఎగబడకపోవడం. ఈ మూడూ ఉన్నవాళ్లు నీళ్లలా నెమ్మదిగా బతుకుతారట.

"మన సభలో అలాంటివారున్నారా? ఉంటే ఈ ముత్యాలహారం వాళ్లదే," అన్నాడు రాజు.

అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చాడు ఆస్థాన పండితుడు వాచస్పతి భట్టు.

"ఉన్నాడు ప్రభూ. నేనే."

ఆయన పీట వెనక నిలబడి రోజూ ఆయనకు విసనకర్రతో విసిరే పోలమ్మ కిసుక్కున నవ్వింది.

భట్టు మొహం జేవురించింది. "చూశారా! ఆడదాని నవ్వే శాంతికి మొదటి శత్రువు. ముందు దీన్ని కొలువులోంచి తీసేయండి!"

పోలమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ విసనకర్రతోనే. అయినా గొంతు తొణకనివ్వలేదు.

"పోతాను మహాప్రభూ. పోయేముందు అయ్యవారి శాంతిని కళ్లారా చూసి పోతాను. ఒక్క ఘడియ కదలకుండా కూర్చోమనండి."

"ఘడియేం ఖర్మ, పొద్దుగూకేదాకా కూర్చుంటాను!" అన్నాడు భట్టు. చెంబెడు బెల్లం పానకం గటగటా తాగి, పీటమీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. సభ చేతులు జోడించింది.

పోలమ్మ విసనకర్ర కింద పెట్టింది.

మీసానికంటిన పానకం కోసం ఒక ఈగ వచ్చింది. రుచి చూసి చుట్టాల్ని పిలుచుకొచ్చింది. భట్టు ముక్కు ఎగబీల్చాడు. మూతి అటూ ఇటూ తిప్పాడు. చివరికి పీటమీంచి ఎగిరి లేచి, ఫెడేల్మని తన చెంప తనే వాయించుకున్నాడు.

"ఏయ్ పోలీ! చచ్చావా? విసరవే!"

పోలమ్మ చేతులు కట్టుకుంది.

"అయ్యవారి శాంతి ఇన్నేళ్లూ నా మోచేతిలోనే ఉంది ప్రభూ. నన్ను తీసేస్తే అదీ నాతోపాటే వచ్చేస్తుంది."

సభ గొల్లుమంది. రాజు కూడా నవ్వబోయి, ఎందుకో వెనక్కి తిరిగి తనకు వింజామర వీస్తున్న పిల్లను చూశాడు. నవ్వు గొంతులో తట్టుకుని, రెట్టింపై బయటికొచ్చింది.

హారం తీసి పోలమ్మ చేతిలో పెట్టాడు. "నీ కొలువు నీదే. మరి భట్టుగారికి ఏం శిక్ష వేయమంటావు?"

"శిక్షెందుకు ప్రభూ? మొదటి గుణం దయ కదా!"

పోలమ్మ వెళ్లి భట్టు ఖాళీ చేసిన పీటమీద కూర్చుని, విసనకర్ర ఆయనకు అందించింది.

"ఇలా నా వెనక నిలబడండి అయ్యవారూ. ముందుకు ఎగబడకపోవడం ఇక్కడైతే తొందరగా వంటబడుతుంది."